పాత తేదీతో పెళ్లి సర్టిఫికెట్ తీసుకోవచ్చా?

ప్రశ్న: నమస్కారమండీ. నాకు 39 ఏళ్లు, టెక్సాస్‌లో ఉద్యోగం. పన్నెండేళ్లు లైన్లో ఉన్నాక ఈ ఏడాది జనవరి మధ్యలో కంపెనీ తరఫున గ్రీన్‌కార్డ్ వచ్చింది. ఫిబ్రవరి మొదటి వారంలో ఇండియా వచ్చి, నరసరావుపేట దగ్గర మా ఊళ్లో పెళ్లి చేసుకున్నాను. రిజిస్టర్ ఇంకా చేయించలేదు. ఆమెకిది రెండో పెళ్లి. మొదటి పెళ్లిని 2016లో పెద్దమనుషుల ముందు వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసుకుని తెంచుకున్నారు, కోర్టుకు వెళ్లలేదు. పదకొండేళ్ల పాప ఉంది, తల్లి దగ్గరే పెరుగుతోంది. గ్రీన్‌కార్డ్ రాకముందే పెళ్లయి ఉంటే భార్యాబిడ్డలు వెంటనే వచ్చేయవచ్చట కదా, డిసెంబరు తేదీతో సర్టిఫికెట్ తీసుకుందాం, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తెలిసినవాళ్లున్నారు అని మా మామయ్య అంటున్నారు. అది కుదరకపోతే ఇప్పుడే ఐ-130 (కుటుంబసభ్యులకు గ్రీన్‌కార్డ్ కోరే పిటిషన్) వేయాలా, సిటిజన్‌షిప్ వచ్చేదాకా ఆగాలా? ఈలోగా వాళ్లను విజిటర్ వీసా మీద తెచ్చుకోవచ్చా? లేదంటే నేనే ఒక ఏడాది ఇండియా నుంచి పని చేసుకుంటే? స్పాన్సర్ సంతకం అవసరమైతే మా అక్కావాళ్ల ఆయన పెడతానన్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. పేరు, ఊరు వేయకండి.

సమాధానం: ముందు మీ మామయ్యగారి సలహా సంగతి తేల్చేద్దాం. ఆయన విన్నదాంట్లో సగం నిజం. ఉద్యోగం మీద గ్రీన్‌కార్డ్ మంజూరైన రోజుకు పెళ్లయి ఉంటే భార్యకు, 21 ఏళ్లలోపు పిల్లలకు మీ లైనే వర్తిస్తుంది. దాన్ని ‘ఫాలోయింగ్ టు జాయిన్’ అంటారు. దానికి ఐ-130 అక్కర్లేదు, ఐ-824 అనే ఫారం వేస్తే చాలు. మీకు కార్డు జనవరిలో వచ్చింది, పెళ్లి ఫిబ్రవరిలో అయింది. అంటే కొద్ది వారాల తేడాలో ఆ దారి మూసుకుపోయింది. కడుపు మండే విషయమే, కాదనను.

డిసెంబరు తేదీతో సర్టిఫికెట్ పుట్టించారనుకుందాం. మీ పాస్‌పోర్టులో ఇండియా ఎంట్రీ ముద్ర ఫిబ్రవరిది. అమెరికా వాళ్ల దగ్గర మీ రాకపోకల రికార్డు వేరే ఉంది. డిసెంబరంతా మీరు టెక్సాస్‌లో జీతం తీసుకుంటున్నారు. మరి ఆ పెళ్లిలో తాళి ఎవరు కట్టారని అడిగితే ఏం చెబుతారు? కల్యాణమండపం రసీదు, శుభలేఖ, ఫోన్లో దిగిన ఫొటోలు, అన్నీ ఫిబ్రవరి అనే చెబుతాయి. ఇంకోటుంది. గ్రీన్‌కార్డ్ అప్లికేషన్‌లో మీరు అవివాహితుణ్ని అని రాసి సంతకం పెట్టారు. అప్పటికి అది నిజం. డిసెంబరులోనే పెళ్లయిందని ఇప్పుడు మీరే కాగితం తెస్తే, ఆ మాట అబద్ధం చేసింది మీరే అవుతారు. భార్యను తెచ్చుకోబోయి మీ కార్డుకే ఎసరు పెట్టుకున్నట్టు. ఇక ఆమె విషయంలో, వీసా కోసం అబద్ధం చెప్పారని తేలితే అమెరికాలోకి రాకుండా జీవితకాల నిషేధం పడుతుంది. మాఫీ కోరే ఐ-601 ఉంది కానీ, దానికి మీరు ఎంత తీవ్రమైన ఇబ్బంది పడతారో నిరూపించాలి, అయినా ఇస్తారన్న హామీ లేదు. ఆలస్యమంటారా, ఓపిక పడితే అయిపోతుంది. ఈ అబద్ధాన్ని ఆ తర్వాత సరిచేసుకోవడం దాదాపు కుదరని పని. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఎంత తెలిసినవాళ్లున్నా ముంబై కాన్సులేట్‌లో కూర్చున్న అధికారి వాళ్ల మాట వినడు.

ముంబై అని ఎందుకన్నానంటే, మనవాళ్లు చాలామంది ఇమిగ్రెంట్ వీసా (అక్కడ స్థిరపడటానికి ఇచ్చేది) ఇంటర్వ్యూ కూడా హైదరాబాద్‌లోనే అనుకుంటారు. కాదు, దానికి ముంబై వెళ్లాలి.

రిజిస్ట్రేషన్ ఆలస్యమైందని కంగారు పడకండి. హిందూ వివాహ చట్టం ప్రకారం సంప్రదాయ పద్ధతిలో తంతు జరిగిన రోజే పెళ్లి రోజు. సర్టిఫికెట్ దానికి రుజువు మాత్రమే. ఎప్పుడు తీసుకున్నా దాని మీద ఫిబ్రవరి తేదీ ఉంటే చాలు. కానీ ఆ దరఖాస్తు నింపేటప్పుడు ఒక గడి దగ్గర ఆగండి: పెళ్లినాటికి వధువు స్థితి. అవివాహిత, వితంతువు, విడాకులు పొందినవారు అని ఉంటుంది. కోర్టు డిక్రీ లేదు కాబట్టి గొడవెందుకు, అవివాహిత అని రాసేద్దామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. పాప బర్త్ సర్టిఫికెట్లో తండ్రి పేరు మొదటి భర్తది. రెండు కాగితాలూ ఒకే ఫైల్లో పక్కపక్కన ఉంటాయి. ఐ-130లో కూడా ఆమెకు అంతకుముందు జరిగిన పెళ్లిళ్లు, అవి ఎప్పుడు ఎలా ముగిశాయో అడుగుతారు. అక్కడ ఒక మాట, ఇక్కడ ఒక మాట ఉంటే మొత్తం ఫైలునే అనుమానంగా చూస్తారు.

మీ ఉత్తరంలో నాకు నిజంగా బరువనిపించింది ఆ వంద రూపాయల స్టాంపు పేపరు. మీరు ఒక్క వాక్యంలో దాటేశారు గానీ, మీ కేసు నిలబడాలన్నా పడిపోవాలన్నా దాని మీదే. భార్యగా స్పాన్సర్ చేయాలంటే ఆ పెళ్లి జరిగిన చోటి చట్టం ప్రకారం చెల్లాలి. హిందూ వివాహ చట్టంలో మొదటి పెళ్లి రద్దు కాకుండా చేసుకున్న రెండో పెళ్లి చెల్లదు. అయితే ఆ చట్టమే 29వ సెక్షన్లో, ఆచారం ప్రకారం తెంచుకునే హక్కు ఉన్నవారికి ఆ హక్కు అలాగే ఉంటుందని చెప్పింది. మన పల్లెల్లో పెద్దమనుషులు రాయించే విడాకుల కాగితాలకు ఆధారం అదే. తేలిగ్గా చెల్లదని కొట్టిపారేయడానికీ లేదు, చెల్లుతుందని ధీమాగా ఉండటానికీ లేదు. ఆమె కులంలో, ఆ ప్రాంతంలో అలాంటి ఆచారం ఎప్పటినుంచో ఉందని చెప్పేవాళ్లే నిరూపించాలి. 2002లో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట చెప్పింది. కాగితం మీద సంతకాలున్నాయి కదా అంటే చాలదు.

అమెరికా అధికారులు మామూలుగా కోర్టు డిక్రీ అడుగుతారు. స్టాంపు పేపరు పెడితే, ఆచారం ఉందని రుజువు చూపమంటారు. ఆ భారం పిటిషన్ వేసిన మీదే. అందుకని ముందుగా నరసరావుపేటలో ఒక మంచి సివిల్ లాయరును కలవండి. 2016 నాటి విడాకులు ఆచారం ప్రకారం చెల్లుతాయని కోర్టుతో ప్రకటింపజేసే దావా వేయొచ్చేమో అడగండి. మొదటి భర్తను ప్రతివాదిగా చేర్చాలి. ఆ కులంలో అలాగే విడిపోయి మళ్లీ పెళ్లిళ్లు చేసుకున్నవాళ్లు, అప్పటి పంచాయితీలో కూర్చున్న పెద్దలు సాక్ష్యం చెప్పాలి. వాళ్లలో ముసలివాళ్లుంటే ఈ పని వాయిదా వేయకండి. ఆ మొదటి భర్త కూడా మళ్లీ పెళ్లి చేసుకుని ఉంటే, ఈ డిక్రీ ఆయనకూ మీ అంతే అవసరం. ఆ సంగతి మర్యాదగా చెబితే సహకరించే అవకాశం ఎక్కువ.

చాలామంది లాయర్లు ఇంకో సులువైన దారి చెబుతారు: ఇవన్నీ ఎందుకు, పరస్పర అంగీకారంతో ఇప్పుడు కొత్తగా విడాకులు తీసుకోండి, కొన్ని నెలల్లో పని అయిపోతుంది. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ పిటిషన్ వేస్తే, మొదటి పెళ్లి ఈనాటికీ బతికే ఉందని ఆమె కోర్టులో చెప్పినట్టవుతుంది. అప్పుడు మీ ఫిబ్రవరి పెళ్లి చెల్లనిదవుతుంది. ఒక పక్క ఐ-130లో మొదటి పెళ్లి 2016లోనే ముగిసిందని రాసి, ఇంకో పక్క అది ఇప్పుడే ముగుస్తోందని కోర్టులో చెబితే రెండూ కలిసి నిలబడవు. పైగా మొదటి పెళ్లి ఉండగా రెండోది చేసుకోవడం నేరం కూడా. భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ అదే. కాబట్టి లాయరుకు ఫిబ్రవరి పెళ్లి సంగతి దాచకుండా చెప్పి, ఆ తర్వాతే ఏ కాగితం మీదైనా ఆమెతో సంతకం పెట్టించండి. ఆచారం నిరూపించే వీలే లేదని లాయరు తేల్చేస్తే మాత్రం ఈ రెండో దారే మిగులుతుంది. డిక్రీ వచ్చాక మళ్లీ పెళ్లి చేసుకుని, ఆ కొత్త తేదీతో కొత్తగా ఐ-130 వేయాలి. బంధువుల ముందు రెండోసారి తాళి కట్టడం నామోషీ అనిపించవచ్చు. రిజిస్ట్రేషన్ రోజున గుళ్లో క్లుప్తంగా కానిచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు.

ఐ-130 ఇప్పుడా, తర్వాతా అన్న ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. ఆచారానికి గట్టి సాక్ష్యం ఉందని లాయరు చెబితే దావా వేయించండి, దాంతోపాటే ఐ-130 కూడా వేసేయండి. మొదటి పెళ్లి, స్టాంపు పేపరు, దావా, అన్నీ అందులో రాయండి. పిటిషన్ అమెరికా ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్‌కు చేరిన రోజే మీ ప్రయారిటీ డేట్, అంటే లైన్లో మీ చోటు ఆ తేదీ నుంచే లెక్క. వాళ్లు ఫైలు తెరిచి చూసేలోపు డిక్రీ చేతికొస్తే, అది 2016 నాటి విడాకులను ఖాయం చేస్తుంది కాబట్టి మీ డేట్ నిలుస్తుంది. ఒకవేళ ముందే రుజువులు అడిగితే జవాబుకు పన్నెండు వారాలకు మించి ఇవ్వరు. అప్పటికీ డిక్రీ రాకపోతే పిటిషన్ తిరస్కరించవచ్చు. పోయేది ఫీజు, లైన్లో చోటు. ఆన్‌లైన్లో 625 డాలర్లు, కాగితం మీద అయితే 675. అంతా నిజమే రాశారు కాబట్టి మోసం అన్న ముద్ర పడదు, మళ్లీ వేసుకోవచ్చు. సాక్ష్యం బలహీనమని తేలితే మాత్రం ఫిబ్రవరి పెళ్లి మీద అసలు వేయకండి. వేసిన రోజుకు పెళ్లి చెల్లకపోతే ఆ డేట్ తర్వాత పనికిరాదు.

సిటిజన్‌షిప్ దాకా ఆగడంలో అర్థం లేదు. గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్ల భార్యలు, మైనర్ పిల్లలు ఎఫ్‌2ఏ కేటగిరీ కిందికి వస్తారు. దీనికి ఏటా పరిమితి ఉంది. అయితే ఇందులో మూడొంతులు దేశాల వారీ కోటాతో సంబంధం లేకుండా ఇస్తారు కాబట్టి, మీరు పన్నెండేళ్లు నిలబడ్డ లైను లాంటిది కాదు. 2019 జులై నుంచి 2023 మార్చి దాకా అయితే అసలు లైనే లేదు, వేసినవాళ్లకు వేసినట్టు డేట్ కరెంట్. 2023 ఏప్రిల్లో డేట్ వెనక్కి జరిగి మళ్లీ లైను మొదలైంది. ఏ డేట్ దాకా వచ్చిందో చెప్పే వీసా బులెటిన్ నెలనెలా వస్తుంది, చూస్తూ ఉండండి. రెండు మూడేళ్లు అనుకుని ప్లాన్ చేసుకుంటే నిరాశ ఉండదు. మీరు సిటిజన్ కావడానికి కార్డు వచ్చాక అయిదేళ్లు కావాలి, సిటిజన్‌షిప్ దరఖాస్తు ఎన్-400 మాత్రం 90 రోజులు ముందే వేయవచ్చు. ఈలోగా ఎఫ్‌2ఏ రాకపోయినా మీరు సిటిజన్ అయిన రోజున అదే పిటిషన్ పరిమితి లేని కేటగిరీకి మారిపోతుంది. మళ్లీ వేయక్కర్లేదు.

ఇక్కడ పాప విషయంలో ఒక మెలిక ఉంది, చాలామంది దీంట్లోనే దెబ్బతింటారు. ఎఫ్‌2ఏలో తల్లి పిటిషన్ మీదే బిడ్డ కూడా వచ్చేయవచ్చు. మీరు సిటిజన్ అయ్యాక తల్లి పిటిషన్ కేటగిరీ మారుతుంది, ఆ కేటగిరీలో బిడ్డకు తల్లి వెంట వచ్చే హక్కు ఉండదు. పాపకు విడిగా ఐ-130 ఉండాల్సిందే. సవతి తండ్రిగా మీరు వేయవచ్చు, బిడ్డకు 18 నిండకముందే మీ పెళ్లి జరిగి ఉంటే చాలు. ఇంకో 625 డాలర్లు ఖర్చయినా సరే, తల్లిదీ పాపదీ ఒకేసారి వేయండి. ఈ బంధం కూడా మీ పెళ్లి చెల్లితేనే నిలుస్తుందని వేరే చెప్పనక్కర్లేదు.

విజిటర్ వీసా అడగడం తప్పు కాదు, రావడమే కష్టం. వెళ్లి తిరిగొస్తామని అధికారిని నమ్మించాలి. భర్త అక్కడ స్థిరపడి, ఐ-130 కూడా పడిన తర్వాత ఆ నమ్మకం కలిగించడం మాటలు కాదు. మీ తరఫున ఎవరైనా ఇమిగ్రెంట్ పిటిషన్ వేశారా అని విజిటర్ వీసాకు నింపే డీఎస్-160 ఫారంలో సూటిగా అడుగుతారు. అవునని రాసి వీసా రాకపోతే మళ్లీ అప్లై చేసుకోవచ్చు. లేదని రాస్తే మొదట్లో చెప్పిన జీవితకాల నిషేధం దాకా పోతుంది. వీసా దొరికినా, అమెరికా వచ్చి అక్కడే ఉండిపోయి డేట్ కోసం చూద్దాం అనుకోకండి. గడువు దాటాక 180 రోజులకు మించి ఉండి వెళ్తే మూడేళ్లు, ఏడాది దాటితే పదేళ్లు రానివ్వరు. గడువు దాటినా అక్కడే ఉండి గ్రీన్‌కార్డ్ తెచ్చుకోవచ్చన్న వెసులుబాటు సిటిజన్ల భార్యలకే, ఎఫ్‌2ఏ వాళ్లకు లేదు. స్నేహితుల అనుభవాలు వినేటప్పుడు వాళ్ల ఆయన సిటిజనా, కార్డు హోల్డరా అని ముందు అడగండి. ఇద్దరి రూల్సూ వేరు. ఆమెకు సొంతంగా హెచ్1బి దొరికితే అది వేరు. దానికి ఐ-130 అడ్డు కాదు.

మీరే ఇండియాలో ఏడాది ఉండటం గురించి. పోయి రండి, నెలా రెండు నెలలైతే ఇబ్బంది లేదు. ఒకే విడతలో ఆరు నెలలు దాటితే సిటిజన్‌షిప్ లెక్కలో ప్రశ్నలు మొదలవుతాయి. ఏడాది దాటితే ఆ లెక్క తెగిపోతుంది, రీఎంట్రీ పర్మిట్ (తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతి) లేకపోతే కార్డు కూడా చిక్కుల్లో పడుతుంది. పైగా స్పాన్సర్‌గా సంతకం పెట్టాలంటే మీ నివాసం అమెరికాలోనే ఉందని చూపాలి. ఏడాది ఆలోచన మానుకుని, సెలవుల్ని విడతలుగా వాడుకోండి. ఆ టికెట్లు, పాస్‌పోర్టు ముద్రలు రేపు ఇంటర్వ్యూలో మీ కాపురానికి సాక్ష్యం కూడా అవుతాయి.

బావగారి సంతకం ఇప్పట్లో అవసరమే లేదు. ఐ-864 అనే ఆ అఫిడవిట్ ఐ-130 ఆమోదం పొంది, ఫైలు ఇంటర్వ్యూకు ముందు కాగితాలు చూసే నేషనల్ వీసా సెంటర్‌కు వెళ్లాక వస్తుంది. అప్పటి ఆదాయమే చూస్తారు. మీరు, భార్య, పాప ముగ్గురు కాబట్టి 2025 లెక్క ప్రకారం ఏడాదికి 33,312 డాలర్లు ఉంటే సరిపోతుంది. అంటే పేదరిక రేఖకు 125 శాతం. టెక్సాస్‌లో ఉద్యోగం చేస్తున్న మీకు ఇది పెద్ద మొత్తం కాదు. ఉద్యోగం పోయి ఆ సమయానికి తక్కువైతే అప్పుడు ఆయన్ను అడగండి. అడిగేటప్పుడు ఆయనకు విషయం పూర్తిగా చెప్పండి. అది మాటసాయం కాదు, కోర్టులో అమలు చేయించుకోగల ఒప్పందం. మీ ఇద్దరూ రేపు విడిపోయినా ఆయన బాధ్యత పోదు. ఆమె సిటిజన్ కావాలి, లేదా సుమారు పదేళ్ల పని లెక్క నిండాలి, లేదా కార్డు వదిలేసి దేశం విడిచి వెళ్లిపోవాలి, లేదా మరణం. అప్పటిదాకా సంతకం పెట్టినవాళ్ల మీదే ఉంటుంది. మీ మీద కూడా ఇంతే. ఆయన ఇంట్లో నలుగురుంటే మీవాళ్లిద్దరితో కలిపి ఆరుగురి లెక్క చూస్తారు, అప్పుడు అదే 2025 లెక్కన 53,937 డాలర్లు కావాలి. మొహమాటానికి సరే అని, అక్క ఈ సంగతి తర్వాత తెలుసుకుని బాధపడే పరిస్థితి తేకండి.

కొత్తగా పెళ్లయినవాళ్లకు ముందు రెండేళ్ల షరతుల కార్డే ఇస్తారు అని ఎవరైనా భయపెడితే పట్టించుకోకండి. ఆమె దిగే రోజుకు పెళ్లయి రెండేళ్లు దాటితే నేరుగా పదేళ్ల కార్డు వస్తుంది. ఎఫ్‌2ఏ వేగం చూస్తే మీకు అదే జరగవచ్చు. మళ్లీ పెళ్లి చేసుకోవాల్సి వస్తే మాత్రం రెండేళ్లు ఆ తేదీ నుంచి లెక్క.

ఇప్పుడే మొదలుపెట్టాల్సినవి రెండున్నాయి. ఆమె ఇంటిపేరు పాస్‌పోర్టులో, ఆధార్‌లో, టెన్త్ సర్టిఫికెట్లో ఒకేలా ఉందో లేదో పక్కపక్కన పెట్టి చూడండి. ఒకచోట పుట్టింటి ఇంటిపేరు, ఒకచోట మొదటి భర్త ఇంటిపేరు, ఒకచోట ఉత్త ఇనీషియల్ ఉండటం మన దగ్గర మామూలే. మీ ఇంటిపేరు ఇప్పుడే చేర్చకండి, ఉన్నవి ఒక దారికి రానివ్వండి. రెండోది పాప. తండ్రి బతికి ఉండగా బిడ్డను దేశం దాటించాలంటే ఆయన రాతపూర్వక అంగీకారమో, బిడ్డ సంరక్షణ తల్లిదేనన్న కోర్టు ఉత్తర్వో చూపమంటారు. స్టాంపు పేపరులో పాప గురించి ఒక వాక్యం ఉండే ఉంటుంది, దానికి కోర్టు ఉత్తర్వుకున్న విలువ ఉండదు. విడాకుల దావా గురించి ఆ మొదటి భర్తతో ఎలాగూ మాట్లాడబోతున్నారు కాబట్టి, పాప సంగతి కూడా ఆ కూర్చున్నప్పుడే తేల్చుకోండి. మాట్లాడటానికి మీరు వెళ్లకండి, మామయ్యగారిని అసలు పంపకండి. ఆమె తరఫు పెద్దవాళ్లెవరైనా లాయరును వెంటబెట్టుకుని వెళ్తే మంచిది.